సొంతవాక్యం

మా ఇస్త్రీ అక్కకి మూడువందల పన్నెండు ఇంగ్లీషు నామవాచకాలు కంఠతా వచ్చు. ఒక్కోదానికి అర్థం, పర్యాయపదం, వ్యతిరేకపదం, సొంతవాక్యం, నాలుగూ ఒక్క ఊపున చెప్పేస్తుంది. నేర్పింది నేనే. గొప్పకి చెప్పుకోవడం కాదు. ఈ కథ ఇంకెవరైనా చెబితే మొహమాటానికి నన్ను తప్పించేస్తారని నేనే మొదలుపెడుతున్నాను.

మాది పన్నెండంతస్తుల హోటల్. మేముండేది దాని అడుగున, సెల్లార్లో. పైన పడుకుని లేచినవాళ్ళ దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్ళు ఒక పెద్ద గొట్టంలోంచి దబదబా మా నెత్తిన పడతాయి. మెషీన్ల దగ్గరివాళ్ళు ఉతికి ఆరబెడతారు. అక్క ఇస్త్రీ చేస్తుంది. పక్కబల్ల దగ్గర మడతల పిన్ని ఒక్కోదాన్నీ వెలుతురుకి ఎత్తి, మరకలేమైనా మిగిలాయేమో చూసి, మరకవి పక్కన పడేసి, మంచివి మడతపెట్టి నా స్టోరుకి తోస్తుంది. నేను బీరువాల్లో సర్ది పైకి పంపిస్తాను. ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం అదే. అంతకుముందు ఒక ట్యూషన్ సెంటర్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నా నోటిదురుసు భరించలేక పొమ్మన్నారు. దుప్పట్లకి చెవులుండవు కాబట్టి ఇక్కడ నెట్టుకొచ్చాను.

అక్కకి ముప్పై ఎనిమిదేళ్ళు. నాకంటే పదహారేళ్ళు చిన్నదైనా నేను కూడా అక్కా అనే పిలిచేవాణ్ణి, ఆమె నన్ను బాబాయ్ అనేది. ఆ వరసలెలా కలిశాయని అడక్కండి, సెల్లార్లో కలిసిపోతాయంతే. భర్త లిఫ్టులు బాగుచేసేవాడు, ఒకరోజు నిచ్చెన మీంచి పడి నడుము పోగొట్టుకున్నాడు. ఇప్పుడు మంచం మీద వెల్లకిలా పడుకుని అక్కడినుంచే ఇల్లంతా నడిపిస్తుంటాడు. కూతురు తొమ్మిదో తరగతి. ఒకరి మందులు, ఒకరి చదువు, ముగ్గురి తిండి, అన్నీ ఆ ఇస్త్రీపెట్టె మీదే నడిచేవి.

పిన్నికి అరవై దాటాయి. పెళ్ళయిన ఏడాదికే మొగుడు వదిలేసి వెళ్ళిపోతే అప్పటినుంచీ చెల్లెలి ఇంట్లో ఉంటోంది. వెనక వరండాకి రేకులు కొట్టించి ఆమెకో గది చేసిచ్చారు. జీతం తెచ్చి ఇస్తున్నంతకాలం ఆ ఇంట్లో ఆమె అక్కయ్య. తేవడం మానేస్తే ఏమవుతుందో పిన్నికి బాగా తెలుసు, మాకూ చెబుతుండేది, నవ్వుతూనే చెప్పేది. అక్కని ఈ పనిలో పెట్టించింది పిన్నే. కొత్తలో అక్క చేయి కాల్చుకుంటే పదిరోజులు తన మడతలతోపాటు ఆమె ఇస్త్రీ కూడా చేసింది. అలాంటి మనిషి.

ఆ మనిషికి మూడేళ్ళ కిందట కళ్ళు పోవడం మొదలైంది. నరం ఎండిపోతోందన్నారు, మందు లేదన్నారు. మనుషులు ఆకారాలుగా తెలిసేవారు. తలుపులు, బల్లలు తెలిసేవి. తెల్లదుప్పటి మీద లేత టీమరక మాత్రం తెలిసేది కాదు. మరకలు చూడటమే ఆమె పని. ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం: పిన్ని, అక్క, నేను. అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. దుప్పటి ఎలాగూ తన బల్ల మీదుగానే వెళుతుంది కదా, మరక కనిపిస్తే ఇస్త్రీపెట్టెని ఇనప స్టాండు మీద టక్‌టక్‌మని రెండుసార్లు కొట్టేది. పిన్ని ఆ దుప్పటిని వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, నాలుక చప్పరించి మరీ పక్కన పడేసేది. ఆ చప్పరించడం చూస్తే నాకే అనుమానం వచ్చేది, కళ్ళు బాగుపడ్డాయేమోనని. మెషీన్ల హోరులో ఆ టక్‌టక్ ఎవరికీ పట్టలేదు. మూడేళ్ళలో ఒక్క మరక దుప్పటి కూడా పైకి వెళ్ళలేదు.

అప్పుడు హోటల్ చేతులు మారింది. కొత్త కంపెనీవాళ్ళు రాగానే మా మేనేజరు మేడమ్ అందరినీ నిలబెట్టి రెండు కబుర్లు చెప్పింది. ఒకటి, ఆవిరి రోలరు మెషీను వస్తోంది, ఇస్త్రీబల్ల తీసేస్తారు. రెండు, పై అంతస్తులకి ఒక సూపర్‌వైజర్ కావాలి, సెల్లార్ ఆడవాళ్ళలోంచే తీసుకుంటారు, అయితే ఇంగ్లీషు టెస్టు పాసవాలి. హెడ్డాఫీసులో ఎవడో పనీపాటా లేనివాడు మూడువందల పన్నెండు నామవాచకాల జాబితా తయారుచేశాడు. అతిథితో మాట్లాడటానికి అవి చాలట. అందులో 'సైన్యం' ఉంది, 'వారసత్వం' ఉంది, 'తిమింగలం' ఉంది. గదిలో సబ్బు లేదని అరిచే అతిథితో తిమింగలం గురించి ఏం మాట్లాడతారో ఆ మహానుభావుడికే తెలియాలి.

అక్క ఆ జాబితా పట్టుకుని నా స్టోరుకొచ్చింది. టెస్టు పోతే ఇంటికి పోవడమే, ఇంకో దారి లేదు. "నేర్పించు బాబాయ్. నీ కాళ్ళు పట్టుకుంటా" అంది. కాళ్ళు వద్దులే, నోట్‌బుక్ పట్టుకురమ్మన్నాను. నిజం చెప్పాలంటే నాకు లోపల్లోపల సంబరంగానే ఉంది. ఇరవై రెండేళ్ళ తరవాత నన్నొకరు పాఠం చెప్పమన్నారు.

రోజుకి ఐదు పదాలు. పనికిరాని గలేబు చింపి, బట్టల మీద గుర్తులు వేసే సిరాతో ఐదూ రాసిస్తే, ఆమె ఇస్త్రీబల్ల వెనక గోడకి తగిలించుకునేది. మొదటివారం గైడు పుస్తకంలోని వాక్యాలు బట్టీపట్టింది. రాజుకి గొప్ప సైన్యం కలదు. రైతు నిజాయితీపరుడు. తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండేది కాదు. ఆమె ఏడుపుమొహం చూసి నాకు కడుపు మండింది. ఆ రోజు నేనన్న మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"రాజు సంగతి నీకెందుకు? నీ కళ్ళతో చూసింది రాయి. అబద్ధం వాక్యం రేపటికి ఉండదు. నిజం వాక్యం చచ్చినా పోదు."

ఆమె దాన్ని వేదంలా పట్టుకుంది. అప్పటినుంచి ప్రతి నామవాచకానికీ ఒక నిజం. 'ప్రామిస్'కి, మేడమ్ ఫ్యాను ఇస్తానని ప్రామిస్ చేసింది, ఫ్యాను రాలేదు, అని రాసింది. 'పేషెన్స్'కి, నా మొగుడికి నడుము లేదు, పేషెన్స్ లేదు, నోరు ఉంది, అని. 'హజ్బెండ్'కి వ్యతిరేకపదం 'వైఫ్' అని చెబితే చాలాసేపు ఆలోచించి, జాబితా మొత్తంలో సరిగ్గా కుదిరింది ఇదొక్కటే బాబాయ్ అంది. ప్రతి పదానికీ వ్యతిరేకం ఉండి తీరాలని ఆమె పట్టుదల. తువ్వాలుకి వ్యతిరేకం ఏమిటని రెండురోజులు నా ప్రాణం తీసింది. తడి అని చెప్పి వదిలించుకున్నాను.

ఆమె చదువు సాగింది పిన్ని చలవవల్లే. అక్క బల్ల మీద దుప్పట్లు పేరుకుపోతే పిన్ని లేచి వచ్చి తడుముకుంటూ నాలుగు ఇస్త్రీ చేసి వెళ్ళేది. నువ్వు చదువుకో తల్లీ, చేతులు నావి, నోరు నీది, అనేది. ఇంగ్లీషు ముక్క రాకపోయినా అప్పజెప్పించుకునేది. వినీవినీ ఆ వరస చెవికి అలవాటై, అక్క ఎక్కడైనా తడబడితే, ఏదో తప్పిపోయిందే, మళ్ళీ చెప్పు, అనేది. చాలావరకు ఆమె అన్నదే నిజమయ్యేది. అక్క మూడువందల పదకొండు పదాలూ పిన్నికి అప్పజెప్పింది. ఒక్క పదం మాత్రం ఆమె ముందు పైకి చదవలేదు.

ఆ పదం 'సీక్రెట్'. అర్థం రహస్యం, పర్యాయపదం మిస్టరీ, వ్యతిరేకపదం న్యూస్. సొంతవాక్యం నేను నోట్‌బుక్ దిద్దుతుంటే కనిపించింది. "పిన్ని నాట్ సీ. ఇట్ ఈజ్ అవర్ సీక్రెట్" అని రాసింది. పిన్నికి కళ్ళు కనిపించవు, అది మా రహస్యం, అని. బుద్ధున్నవాడైతే ఆ పేజీ చింపేస్తాడు. నేను ఎర్రపెన్నుతో 'నాట్' ముందు 'కెన్' చేర్చి 'కెనాట్' చేసి, పక్కన టిక్కు పెట్టాను. ఆమె రాసిన వాక్యాల్లో అంత చక్కగా కుదిరింది ఇంకోటి లేదు.

టెస్టు మొదటి అంతస్తులో, మీటింగులు జరిగే గదిలో పెట్టారు. ఒకవైపు మేడమ్, పక్కన హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒక కోటు మనిషి. ఇంగ్లీషు తెలిసినవాడినని మార్కులు వేసే కాగితం నా చేతికిచ్చి చివర కూర్చోబెట్టారు. ఒక గాజుగిన్నెలో చీటీలు. మనిషికి ఐదు చీటీలు, నాలుగు సరిపోతే పాసు. వాక్యం గైడులోది కాకూడదు. అక్క కంటే ముందొచ్చిన ఇద్దరూ రెండో చీటీకే చేతులెత్తేశారు. అందులో ఒకామె వెళ్ళిపోతూ మేడమ్‌కి దణ్ణం పెట్టింది. మేడమ్ ఫోను చూసుకుంటోంది.

అక్క మొదటి మూడూ గడగడా చెప్పింది. కోటుమనిషి తలాడించాడు. నాలుగోది 'హాస్పిటాలిటీ'. వ్యతిరేకపదం దగ్గర ఆగిపోయింది, ఎంతకీ రాలేదు, నేను సున్నా వేశాను. ఇక మిగిలింది ఒక్క చీటీ. మేడమ్ తీసి విప్పి చదివింది. సీక్రెట్.

అక్క అర్థం చెప్పింది. పర్యాయపదం చెప్పింది. వ్యతిరేకపదం చెప్పింది. నోరు మూసుకుంది.

ఆమె ఏ వాక్యం చెప్పినా సరిపోయేది. నా బీరువా తాళం ఎక్కడుందో సీక్రెట్ అన్నా మార్కు పడేది. కానీ ఆమెకి వచ్చిన ఇంగ్లీషు మూడువందల పన్నెండు వాక్యాలే, అన్నీ ఒక్కో పదానికి ఒక్కోటి చొప్పున కుట్టేసినవి. ఇంకో వాక్యం కోసం వెతుక్కుంటూ ఆమె పెదాలు కదలడం నేను చూశాను. "ది సీక్రెట్" అంది ఒకసారి. మళ్ళీ "ది సీక్రెట్" అంది. తరవాతేమీ రాలేదు. మేడమ్ గడియారం చూసి, వాక్యం రాదా, రాకపోతే రాదని చెప్పెయ్ అంది.

అప్పుడు అక్క నావైపు చూసింది. నేను దగ్గినా చాలు. పెన్సిలు కిందపడేసినా, మంచినీళ్ళు తాగి చెప్పమన్నా ఆమెకి నిమిషం దొరికేది. పైగా నాకు ఆ పదంతో ఇరవై వాక్యాలు వచ్చు, పెదాలతో ఒకటి అందించినా పట్టుకునేది. నేను తల వంచుకుని కాగితం చూస్తూ కూర్చున్నాను. పిన్ని సంగతి తెలిసి మూడేళ్ళు దాచానని తేలితే మొదట ఊడేది నా ఉద్యోగమే. దాంట్లో వేలుపెట్టడం ఎందుకనుకున్నాను. అంతే, ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

"పిన్ని కెనాట్ సీ. ఇట్ ఈజ్ అవర్ సీక్రెట్" అంది అక్క. తడుముకోలేదు. ఏం చెబుతోందో తెలియక చెప్పిందని ఎవరైనా అంటే నమ్మకండి. తెలిసే చెప్పింది.

కోటుమనిషికి ఎంతో నచ్చింది. ఉచ్చారణ బావుందన్నాడు. మేడమ్ మాత్రం చేతిలో ఫోను పక్కన పెట్టింది.

"ఏ పిన్ని? మన మడతల పిన్నేనా?"

అక్క అవునని తలూపింది.

"అవర్ అన్నావ్. ఎవరెవరు మీరు?"

"నేనూ పిన్నీ మేడమ్. అంతే" అంది అక్క. నన్ను తప్పించింది. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, ప్రాణం లేచొచ్చింది. ఐదో గడిలో మార్కు వేశాను.

మధ్యాహ్నం భోజనాలవగానే మేడమ్, కోటుమనిషి సెల్లార్లోకి దిగారు. మేడమ్ చేతిలో ఆరు దుప్పట్లున్నాయి. వాటిలో మూడింటి మీద ఆమే టీ వొంపుకొచ్చింది, కొంచెం కొంచెంగా. మెషీన్లన్నీ ఆపేయమంది. ఇరవై రెండేళ్ళలో పనివేళ ఆ సెల్లార్ అంత నిశ్శబ్దంగా ఉండటం నాకు గుర్తులేదు. అందరినీ చుట్టూ నిలబెట్టి, అక్కని బల్ల దగ్గర తన పని తనని చేసుకోమంది. దుప్పట్లు ఒక్కోటిగా అక్క చేతికిచ్చింది. అక్క ఇస్త్రీ చేసి పిన్నికి అందించాలి. పిన్ని చూసి చెప్పాలి.

మొదటి దుప్పటి మంచిది. పిన్ని బాగుందంది. రెండోదాని మీద అరచేతంత మరక. అక్క దాని మీద ఇస్త్రీపెట్టె నడిపింది, అందించింది. పిన్ని దాన్ని వెలుతురుకి ఎత్తి, చెవి అక్క బల్లవైపు పెట్టి నిలబడింది. ఆగింది. మామూలుగా తిప్పేదానికంటే రెండుసార్లు ఎక్కువ తిప్పింది. ఆ టక్‌టక్ కోసమే ఆమె చూస్తోంది. ఆ నిశ్శబ్దంలో కొడితే అందరికీ వినిపిస్తుందని, విని మేడమ్ నవ్వుతుందని అక్కకి తెలుసు. కొట్టకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఇస్త్రీపెట్టెని రెండు చేతులతో పట్టుకుని, చంటిపిల్లని పడుకోబెట్టినంత మెల్లగా స్టాండు మీద దించింది. ఏ చప్పుడూ కాలేదు.

"శుభ్రంగా ఉందమ్మా" అంది పిన్ని.

ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ మూడోది ఇచ్చింది, నాలుగోది ఇచ్చింది. ఆరూ అయ్యేదాకా ఆపలేదు. రెండోదాంతోనే తేలిపోయింది కదా, ఆపొచ్చు కదా అని నాకు అనిపించిందేగానీ నా నోటినుంచి రాలేదు. పిన్ని ఆరింటికీ శుభ్రంగా ఉందంది. ప్రతిసారీ ముందు ఆగింది, చెవి అటు పెట్టింది. చివరికి చేతులతో తడమడం మొదలుపెట్టింది. తడిమి తడిమి, మరక లేని దుప్పటినొకదాన్ని తీసి, మరకది ఇదేమోనమ్మా, అంది. అప్పుడు కోటుమనిషి పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇన్నాళ్ళూ మా గెస్టులు ఈమె కళ్ళని నమ్ముకుని పడుకున్నారన్నమాట" అంది మేడమ్. ఆ సాయంత్రమే పిన్నిని తీసేశారు. దాచిపెట్టినందుకు అక్కనీ తీసేస్తారేమో అనుకున్నాను, కానీ అడగ్గానే నిజం చెప్పిందని మెచ్చుకుని ఆమెకి సూపర్‌వైజర్ కోటు ఇచ్చారు.

మూడోరోజు పొద్దున్న పిన్ని తన రెండు యూనిఫారాలు అప్పజెప్పడానికి నా స్టోరుకొచ్చింది. ఉతికి, మడత నలగకుండా తెచ్చింది. సరిగ్గా అప్పుడే అక్క పైనుంచి తువ్వాళ్ళ కోసం దిగింది, కొత్త బూడిదరంగు కోటులో. గుమ్మంలో పిన్నిని చూసి వెనక్కి తిరగబోయింది గానీ అప్పటికే పిన్ని ఆమె నడక గుర్తుపట్టింది.

పిన్నికి ఎవరూ అసలు సంగతి చెప్పలేదు. మేడమ్‌కి తనంతట తనకే అనుమానం వచ్చిందని ఆమె అనుకుంటోంది. మెషీన్ల దగ్గరివాళ్ళు మాత్రం, టెస్టులో అక్క నీ పేరు చెప్పిందట, ఇంగ్లీషులో ఏదో అందట, అని సగం సగం చెవిన వేశారు. ఆ రోజు టక్‌టక్ ఎందుకు కొట్టలేదని పిన్ని అడగలేదు. కొడితే నీకూ పోయేది, మంచిపని చేశావు, అని తనే అంది. తరవాత అక్క చేయి పట్టుకుంది.

"నా గురించి ఏదో చెప్పావంటగా తల్లీ, అంత పెద్దవాళ్ళ ముందు. ఏమన్నావో అను, వింటాను."

పిన్ని మళ్ళీ అడిగింది, చేయి ఊపుతూ అడిగింది. అక్క గోడవైపు చూస్తూ ఆ వాక్యం చెప్పింది. నా పేరుతోనే మొదలవుతోందే, అని పిన్ని మురిసిపోయింది. దానర్థమేమిటంది.

"పిన్ని చాలా మంచిది, నాకు పని నేర్పిందావిడే అని" అంది అక్క.

పిన్ని నావైపు తిరిగింది. "అంతేనా బాబూ? నీకు ఇంగ్లీషొచ్చుగా."

అంతే పిన్నీ అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ మాట తనకీ నేర్పమంది. "మా చెల్లెలి కోడలు ఇంగ్లీషు టీచరు. ఉద్యోగం పోయిందనగానే నన్నో పనికిమాలినదాన్ని చేసి మాట్లాడుతోంది. వెళ్ళి దాని మొహాన చెప్తాను, నన్ను అక్కడ ఎంత గొప్పగా అన్నారో."

అక్క నావైపు చూసింది. ఈసారి కూడా నేను తల వంచుకున్నాను. అక్క ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది, పిన్ని వెనకాలే పలికింది. 'కెనాట్' దగ్గర నాలుక మడతపడుతుంటే నేనే సరిచేశాను, నాలుక పైకి తగిలించి చెప్పు పిన్నీ అని. ఆమె బుద్ధిగా అలాగే చేసింది. మూడోసారికి తప్పు లేకుండా చెప్పింది.